గాజు విద్యుత్తు – గుగ్గిలపు విద్యుత్తు

శాస్త్రచరిత్రమునందు సిద్ధాంతములకు వలెనే పేర్లకును జననమరణములు గలవు. ఒకప్పుడు యూరపుఖండపు పండితులు నిస్సంశయముగ వాడిన “గాజు విద్యుత్తు”, “గుగ్గిలపు విద్యుత్తు” అను పేర్లు నేఁడు వ్యవహారమున లేవు. అవి యేల పుట్టినవో, యేల గిట్టినవో విచారించిన యెడల సత్యాన్వేషణమున మానవబుద్ధి నడచు త్రోవ కొంత తేటపడును.

రుద్దిన తృణమణి గడ్డిపోచల నాకర్షించునని ప్రాచీనులెఱుఁగుదురు. దాని సంస్కృతనామమే యీ గుణమును చాటుచున్నది. గ్రీకులు దానిని ఎలెక్ట్రాన్ అనిరి. 1600 సంవత్సరమున ఇంగ్లాండు దేశపు వైద్యుఁడు విలియం గిల్బర్టు తన యయస్కాంతగ్రంథమున గాజు, గంధకము, రత్నములు మున్నగు పెక్కు వస్తువులకును ఈ గుణము కలదని నిరూపించెను.

1733లో పారిసు రాజోద్యానమున కధికారియగు దు ఫే యొక ప్రయోగము చేసెను. రుద్దిన గాజుగొట్టమును తాఁకిన బంగారురేకు దానిచేత త్రోయఁబడి గాలిలో తేలెను. రుద్దిన కోపల్ గుగ్గిలమును దగ్గఱకుఁ దెచ్చినచో నదియు రేకును త్రోయునని యాతఁడు తలఁచెను. కాని రేకు గుగ్గిలమునకే యంటుకొనెను! ఈ ఫలితము తన్ను మిక్కిలి కలవరపెట్టెనని యాతఁడే వ్రాసికొనెను. అయినను ఆ మహాశయుఁడు తన యూహను కాపాడుకొనుటకై ప్రయోగమును నిందింపలేదు, ఊహనే విడిచెను. విద్యుత్తు రెండు విధములనియు, సజాతీయములు వికర్షించుననియు, విజాతీయములు ఆకర్షించుననియు నిర్ణయించెను. గాజు, స్ఫటికము, ఉన్ని మొదలగువానియందు పుట్టునది మొదటిది. తృణమణి, లక్క, పట్టు, కాగితము మొదలగువానియందు పుట్టునది రెండవది.

నియమము సత్యము, పేర్లు మాత్రము నిలువలేదు. అవి ప్రతివస్తువునకును విద్యుత్తు స్వభావసిద్ధమను భావమును గలిగించెను. 1754 ప్రాంతమున జాన్ కాంటన్ గాజు నునుపును పోఁగొట్టి ఫ్లానెలుతో రుద్దఁగా, ఆ గాజునందే గుగ్గిలపు విద్యుత్తు పుట్టెను! 1757లో విల్కె యే వస్తువును దేనితో రుద్దిన నెట్టి విద్యుత్తు కలుగునో వరుసగ పట్టిక వ్రాసెను. కావున గుణము ఒక్క వస్తువునందే లేదు; రెండింటి సంపర్కమునందును, పైపొర స్థితియందును గలదని తేలెను. 1747లోనే ఫ్రాంక్లిన్ సూచించిన ధన, ఋణ నామములు ఏ వస్తువును పేర్కొనవు గనుక క్రమముగ వ్యాపించెను. అయినను పాతపేర్లు తొందరగ పోలేదు. 1873లో ప్రకటింపఁబడిన మాక్స్‌వెల్ గ్రంథమున సైతము అవి కనఁబడును.

1891లో స్టోనీ విద్యుత్కణమునకు ఎలెక్ట్రాన్ అను పేరిడెను. 1897లో జె. జె. థాంసన్ ఋణవిద్యుత్తుగల యట్టి కణము నిజముగ నున్నదని చూపెను. ఋణవిద్యుత్తనఁగా దు ఫే చెప్పిన గుగ్గిలపు విద్యుత్తే. తృణమణియు నొకవిధమగు గుగ్గిలమే కదా! తెలిసియో తెలియకయో, ప్రాచీననామము తగినచోటికే చేరినది.

చదువరులారా! పేరు జ్ఞానమునకు సేవకుఁడు గాని యజమానుఁడు గాదు. దు ఫే కనుగొన్న యథార్థము నేఁటికిని నిలిచియున్నది; ఆతఁడు దానికి తొడిగిన చొక్కాయ మాత్రము చినిఁగినది. చినిఁగిన చొక్కాయను విడుచుటవలన దేహమునకు లోపమేమి?