కారుకి నీళ్లు మార్చడం: పూండి దగ్గర ఒక పాత మాట

మా ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికీ ‘కారుకి నీళ్లు మార్చాలి’ అంటారు. కూలెంట్ అన్న మాట వాళ్ల నోట రాదు. బళ్లో కన్నడం చదువుకుని, తెలుగు ఇంట్లోనే నేర్చుకున్నవాళ్లం కాబట్టి ఇలాంటి మాటలు మాకు ఇష్టం. ఈ మాట అంబాసిడర్ కాలం నాటిది.

1950ల చివర్లో వచ్చిన అంబాసిడర్ 2014 దాకా తయారైంది. ఇంజిన్ చుట్టూ తిరిగిన నీళ్లు రేడియేటర్లో గాలికి చల్లారి మళ్లీ లోపలికి పోతాయి. 1901లో విల్‌హెల్మ్ మేబాక్ మెర్సిడెస్‌కి తేనెపట్టు రేడియేటర్ పెట్టిన నాటి నుంచీ సూత్రం ఇదే. మనవాళ్లు అందులో పోసింది బావి నీళ్లో, బోరు నీళ్లో. సున్నం పేరుకునేది, ఇనుము తుప్పు పట్టేది. అందుకే అప్పుడప్పుడూ ఎర్రబారిన నీళ్లు వదిలేసి కొత్తవి పోసేవాళ్లు. వదిలినవి ఏ చెట్టు మొదట్లోకో పోయేవి.

1983లో రెండు సంగతులు జరిగాయి. ఏప్రిల్‌లో మద్రాసుకి కృష్ణా నీళ్లిచ్చే తెలుగు గంగ ఒప్పందం కుదిరింది. డిసెంబర్‌లో మొదటి మారుతి 800 రోడ్డెక్కింది. కుశస్థలి ఏటి మీద 1944లో కట్టిన పూండి జలాశయానికి 1996లో కృష్ణమ్మ చేరింది. కార్లలోనేమో రానురాను నీళ్లు పోయి రంగు కూలెంట్ వచ్చింది.

‘మంచు పడని ఊళ్లో కూలెంట్ ఎందుకు?’ అని మావాళ్లే అడుగుతారు. అది గడ్డకట్టకుండా ఆపడానికే కాదు, తుప్పు పట్టనివ్వదు, మరిగే వేడినీ పెంచుతుంది. కానీ చాలావాటిలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం. రుచికి తియ్యన, కుక్కలు నాకుతాయి. కొద్దిగా తాగినా మూత్రపిండాలు పాడవుతాయి.

ఇంట్లో మార్చుకునేవాళ్లు ఇంజిన్ పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత తియ్యాలి. వేడి మీద తీస్తే మరిగే ద్రవం మొహాన చిమ్ముతుంది. కింద వెడల్పు తొట్టి పెట్టి పాతది దించాలి. డిస్టిల్డ్ వాటర్ నింపి, హీటర్ వేడి వైపు తిప్పి, ఫ్యాన్ తిరిగేదాకా ఇంజిన్ నడిపి, చల్లారాక మళ్లీ దించాలి. తేటగా వచ్చేదాకా ఇదే పని. తర్వాత కారు పుస్తకంలో చెప్పిన రకం కూలెంట్ పోయాలి. చిక్కటిదైతే మామూలుగా సగానికి సగం డిస్టిల్డ్ వాటర్ కలుపుతారు. గాలి బుడగలు పోయాక మట్టం చూసి, తగ్గినంత పోసి మూత బిగించాలి.

దించిన ప్రతి చుక్కా, కడిగిన నీళ్లతో సహా, మూత ఉన్న క్యాన్‌లో పట్టి, పేరు రాసి, తీసుకుంటామన్న వర్క్‌షాప్‌కే ఇవ్వాలి. పాత ఆయిల్‌తో కలపకూడదు. కాలవలోనో చెట్టు మొదట్లోనో పోస్తే అది చేరేది మనం తాగే నీళ్లలోకే. పూండి నీళ్లు మద్రాసు కొళాయిల్లోకి పోతాయి.

‘నీళ్లు మార్చడం’ అన్న మాట మా ఇంట్లో ఉండనీ. పారబోసే అలవాటు మాత్రం అంబాసిడర్‌తోనే పోవాలి.