రెండు కాపీలకూ ఒకే వరద వస్తే?

ఈరోజు టాపిక్ బ్యాకప్. కానీ సెట్టింగ్స్ నుంచి కాదు, లాడ్ బజార్ నుంచి మొదలుపెడదాం.

చార్మినార్ పక్కనున్న ఈ గాజుల బజారు మీకు తెలిసిందే. ఇక్కడి లక్క గాజులకు 2024లో జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. ఇక్కడో షాపులో కొన్నేళ్ల డిజైన్ ఫొటోలు, బాకీల లెక్కలు అన్నీ ఒకే కంప్యూటర్‌లో ఉన్నాయనుకోండి. పక్క డ్రాయర్‌లో హార్డ్ డిస్క్‌లో ఇంకో కాపీ ఉంది. మరి సేఫేనా?

ఈ ప్రశ్నకు జవాబు ఇక్కడికి కాస్త దూరంలోనే పారే మూసీ దగ్గర ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి రెండు ఒడ్లనీ ముంచేసింది. దాదాపు 15 వేల మంది చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారని చెబుతారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది.

ఇప్పుడు ఆలోచించండి. ఇల్లే కూలితే పెట్టెలో దాచిన కాగితమూ పోతుంది, అటక మీద దాచిన దాని నకలూ పోతుంది. అవతలి ఒడ్డున చుట్టాలింట్లో పెట్టినా అదే వరద. కాబట్టి ఎన్ని కాపీలున్నాయన్నది కాదు, అన్నిటినీ ఒకే ప్రమాదం ముంచేయగలదా అన్నదే అసలు లెక్క.

వరద తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. నీళ్లను ఊరికి ఎగువనే ఆపాలన్నది ఆయన ప్లాన్. అలా మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. అంటే ఊరిని కాపాడే ఏర్పాటు ఊరి బయట జరిగింది. అయినా 2020 అక్టోబరులో పాతబస్తీ మళ్లీ మునిగింది. ఈసారి గుర్రం చెరువు లాంటి చెరువుల గట్లు తెగాయి. ప్రమాదం ప్రతిసారీ పాత దారిలోనే రాదు.

మన డేటాకీ ఇదే సూత్రం. దీన్ని 3-2-1 అంటారు. పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ దీన్ని పాపులర్ చేశారు. మొత్తం మూడు కాపీలు, రెండు రకాల స్టోరేజ్, ఒకటి వేరే చోట.

ఇంట్లో చేయాల్సింది సింపుల్. విండోస్‌లో ఫైల్ హిస్టరీ, మ్యాక్‌లో టైమ్ మెషీన్ ఆన్ చేసి ఎక్స్‌టర్నల్ డిస్క్‌కి బ్యాకప్ పెట్టండి. పని అయ్యాక డిస్క్ పీకేయండి, లేదంటే ర్యాన్సమ్‌వేర్ వస్తే దాన్నీ లాక్ చేసేస్తుంది. మూడో కాపీ క్లౌడ్‌లో ఉంచండి. లేదా ఇంకో డిస్క్‌ని పాస్‌వర్డ్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి, వరంగల్‌లోనో విజయవాడలోనో ఉన్న మీవాళ్లింట్లో పెట్టండి. పండక్కి వెళ్లినప్పుడల్లా అప్‌డేట్ చేస్తే చాలు.

ఫోన్ వాళ్లకి ఒక్కమాట. సింక్ వేరు, బ్యాకప్ వేరు. గూగుల్ ఫొటోస్‌లో ఒక ఫొటో డిలీట్ చేస్తే క్లౌడ్‌లోనూ పోతుంది. ట్రాష్‌లో 60 రోజులే ఉంటుంది.

చివరిగా, నెలకోసారి ఏదో ఒక ఫైల్‌ని బ్యాకప్ నుంచి వెనక్కి తెచ్చి తెరిచి చూడండి. తెరుచుకుంటేనే అది బ్యాకప్. ఈ వీకెండ్ ఆ ఒక్క పని చేసి, తెరుచుకుందో లేదో కామెంట్‌లో చెప్పండి.