పనిచేతుల చరిత్ర – 7: యెజ్డీ పిస్టన్ ఎవరి దగ్గరుంది?

పోయినసారి సైకిల్ పంపులోని తోలు వాషర్ గురించి రాశాను. అది చదివి ఇద్దరు ముగ్గురు విద్యార్థులు ఒకే మాట అడిగారు: ‘తోలు సంగతి సరే సార్, మోటార్ సైకిల్ దగ్గరికొచ్చేసరికి కులం ఎక్కడుంది? అది కంపెనీలో పుట్టిన సరుకు కదా!’ కంపెనీలో పుట్టిన మాట నిజమే. పుట్టాక దాన్ని నలభై యాభై ఏళ్లు ఎవరు బతికించారన్నది ఈ వారం సంగతి.

పాత బళ్లు సేకరించే ఒకాయన ఇంట్లో నేనొక గాజు తలుపుల బీరువా చూశాను. నిండా జావా, యెజ్డీ సామాను. పిస్టన్లు, రింగులు, కార్బొరేటర్లు, పాయింట్ సెట్లు, ట్యాంకు మీద బిగించే బ్యాడ్జీలు, అన్నీ కంపెనీ అట్టపెట్టెల్లోనే. వీటిని ‘న్యూ ఓల్డ్ స్టాక్’ అంటారు. అంటే ఎప్పుడో తయారై, ఏ బండికీ ఎక్కకుండా ఉండిపోయిన సరుకు. ఒకే సైజు పిస్టన్లు పదకొండు లెక్కపెట్టాను. ఆయనకున్న బళ్లు రెండు. ‘ఇంకెప్పుడూ దొరకవండీ’ అన్నాడాయన, సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు.

ఎందుకు దొరకవో చూద్దాం. జావా చెక్ దేశపు బండి. ఫ్రాంటిషెక్ యానెచెక్ 1929లో మోటార్ సైకిళ్లు మొదలుపెట్టినప్పుడు జర్మనీ వాండరర్ కంపెనీ డిజైన్ కొన్నాడు. రెండు పేర్ల మొదటి అక్షరాలు కలిపితే వచ్చిందే ఆ పేరు. వాళ్ల నోట్లో యావా, మన నోట్లో జావా. మైసూరులో రుస్తుం ఇరానీ పెట్టిన ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1960ల మొదట్లో ఆ బళ్లను ఇక్కడ తయారుచేసింది. 1970ల్లో పేరు యెజ్డీ అయింది, 1978లో రోడ్‌కింగ్ వచ్చింది. రెండు సైలెన్సర్లు, గేర్ రాడ్డునే పైకి తిప్పి కిక్కు కొట్టే ఏర్పాటు, పెట్రోల్లో ఆయిల్ కలిపి పోసే టూ స్ట్రోక్ ఇంజన్. 1985లో తక్కువ పెట్రోలుతో నడిచే ఫోర్ స్ట్రోక్ హీరో హోండా వచ్చింది, ఆ తర్వాత పొగ మీద నిబంధనలు వచ్చాయి, లోపల కార్మిక గొడవలు సరేసరి. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. ఆ రోజు నుంచి ‘కంపెనీ మాల్’ అంటే డీలర్ల అరల్లో మిగిలిందే.

బుల్లెట్‌కి ఈ కరువు రాలేదు. ఇంగ్లండులో అసలు కంపెనీ 1970 ప్రాంతంలో మూతపడినా, 1955లో మద్రాసులో మొదలైన తయారీ ఆగలేదు. కరువొచ్చింది యెజ్డీకి, ఎస్కార్ట్స్ వాళ్ల రాజ్‌దూత్‌కి, 1996లో ఆగిపోయిన ఆర్‌ఎక్స్ 100కి.

అసలు దాచే అలవాటు అంతకన్నా చాలా పాతది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక సైన్యం వదిలించుకున్న నార్టన్లు, బీఎస్‌ఏలు, హార్లీలు జనం చేతికొచ్చాయి. ఢిల్లీలో ఆ హార్లీల వెనక సీట్ల బండి తగిలించి మనుషుల్ని ఎక్కించారు. ‘ఫట్‌ఫటీ’లంటే అవే. యుద్ధకాలపు ఇంజన్లు కాలుష్యం పేరుతో 1998లో ఆపేదాకా చాందినీ చౌక్ దారుల్లో కూలీ చేశాయి. మరి ఇన్నేళ్లూ వాటికి సామాను ఎక్కడిది? దిగుమతుల మీద కట్టడి, ప్రతి తయారీకీ లైసెన్సు. బయటినుంచి పార్టు రాదు. వచ్చినా దాని ధర మిస్త్రీ నెల సంపాదన. కాబట్టి ఒక బండి చచ్చిపోతే దాని పేగులు తీసి ఇంకో బండికి వేయాలి, లేదా లేత్ మీద తిప్పించాలి. మద్రాసు పుదుపేట, బెజవాడ ఆటోనగర్, హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్ లాంటి చోట్ల ఈ చదువు నడిచింది. దానికి సర్టిఫికెట్ లేదు.

మా పెదనాన్న మిస్త్రీ. ప్రకాశం జిల్లాలో బస్టాండు పక్కన రేకుల షెడ్డు. ఆయన దగ్గరా దాచిన సామాను ఉండేది, డాల్డా డబ్బాల్లో, గ్రీజు పూసిన కాగితాల్లో. బీరువాకీ డబ్బాకీ తేడా తెలియాలంటే రీబోర్ అంటే ఏంటో తెలియాలి. ఇంజన్ తిరిగేకొద్దీ బోర్ గోడ అరుగుతుంది, పిస్టన్ వదులవుతుంది, పొగ కక్కుతుంది. అప్పుడు లేత్ షాపులో బోర్‌ని కొంచెం పెద్దది చేసి, పావు మిల్లీమీటర్ పెద్ద పిస్టన్ వేస్తారు. తర్వాతిసారి అర, ఆపైన ముప్పావు, చివరికి ఒక మిల్లీమీటర్. అదీ అయిపోతే లోపల స్లీవ్ వేసి మళ్లీ మొదటి సైజు. అంటే ఒక బండి ఆయుష్షు ఇన్ని పిస్టన్లు అని లెక్క. ఏ ఊరి బండి ఏ సైజులో ఉందో పెదనాన్నకి నోటికి తెలుసు. ఫలానా పాలాయన రాజ్‌దూత్ రెండో బోర్‌లో ఉంది, వచ్చే ఎండాకాలానికి మూడోది కావాలి, ఇప్పుడే ఒకటి పట్టి పెట్టాలి. ఆయన డబ్బాలో ఉన్న ప్రతి పిస్టన్‌కీ ఒక మనిషి రాసిపెట్టి ఉన్నాడు.

డబ్బాలో ఆయన రబ్బరు సామాను ఎక్కువ ఉంచేవాడు కాదు. ఆయిల్ సీల్ వాడకపోయినా కాలం గడిస్తే బిరుసెక్కిపోతుంది, పెదవి పగులుతుంది. ఇనుము ఆగుతుంది, రబ్బరు ఆగదు. ఆ గాజు బీరువాలో ముప్పై ఏళ్ల సీళ్లు పేకెట్లతో సహా ఉన్నాయి. వాటిని ఏ ఇంజన్లో వేసినా నిలవవు. చూసుకోవడానికి మాత్రం బావుంటాయి.

పెదనాన్న దగ్గరికి ఊరి ఆసాముల బుల్లెట్లు కూడా వచ్చేవి. ఆ గుమ్మాల్లోకి మమ్మల్ని రానివ్వరు, బండి మొరాయిస్తే మాత్రం మనిషిని పంపేవాళ్లు. బాగుచేశాక ‘ట్రయల్’ ఉంటుంది కదా, దానికి ఊరి బజారులో ఎక్కి నడిపేందుకు వీల్లేదు. బజారు దాటేదాకా తోసుకుంటూ పోయి, డొంక మీద ఎక్కి, మళ్లీ ఊరి మొదట్లో దిగి తోసుకుంటూ రావాలి. ఇది 1980ల మాట. కారంచేడు జరిగింది కూడా ఆ జిల్లాలోనే, 1985 జులై 17న. ఇప్పుడు అదంతా పోయిందనుకునేవాళ్ల కోసం ఒకటి గుర్తుచేస్తాను. 2025 ఫిబ్రవరిలో తమిళనాడు శివగంగ జిల్లాలో ఒక దళిత కాలేజీ విద్యార్థి చేతుల్ని కత్తితో నరికారు. మా పిల్లాడు బుల్లెట్ నడపడం ఓర్వలేకే చేశారని ఆ కుటుంబం చెప్పింది.

అంబేద్కర్ ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో రాసిన రెండు ప్రయాణాలు ఇక్కడ పెట్టి చూడండి. 1901లో పిల్లలుగా మసూర్ స్టేషన్‌లో దిగితే, మహర్లని తెలిశాక బండివాడు రానన్నాడు. రెట్టింపు కిరాయికి ఒప్పుకున్నవాడు కూడా పిల్లల్నే తోలుకోమని తాను పక్కన నడిచాడు. 1929లో, అప్పటికే ఆయన బారిస్టర్, చాలీస్‌గావ్‌లో టాంగావాళ్లు ఆయన్ని ఎక్కించుకుని తోలమన్నారు. టాంగా అద్దెకి తీసుకుని, తోలడం రాని మన మనిషే తోలాడు. కల్వర్టు దగ్గర టాంగా తిరగబడి అంబేద్కర్ రాళ్ల మీద పడ్డారు, కాలు విరిగింది. బండి ఎక్కనివ్వకపోవడం ఒక అవమానం, బండి నడిపే విద్య మన దాకా రాకుండా చేయడం ఇంకొకటి. రెండోదాని దెబ్బ కాలి ఎముకకి తగిలింది. మోటార్ సైకిల్ రిపేరు దగ్గర ఆ అడ్డు కొంత తెగింది. ఇంజన్ కొత్తది, దానికి కులవృత్తి లేదు. 1950లో మొదలైన ఐటీఐ శిక్షణల గుండా కొందరు, ముస్లిం ఉస్తాదుల షెడ్లలో టీలు తెచ్చి పానాలు అందిస్తూ ఇంకొందరు మనవాళ్లు ఈ పనిలోకి వచ్చారు. మా పెదనాన్న ఉస్తాదు కూడా ముస్లిమే. ఒకే గ్లాసులో టీ ఇచ్చాడని పెదనాన్న చచ్చేదాకా చెప్పుకున్నాడు.

ఇప్పుడు సేకర్తల భాష వినండి. ఇంజన్ నంబరూ ఛాసిస్ నంబరూ ఫ్యాక్టరీలో పడినట్టే ఉంటే ఆ బండి ‘మ్యాచింగ్’. ఒక్క ఇంజన్ మారిందా, ఎంత బాగా నడిచినా దాని విలువ పడిపోతుంది. మిస్త్రీ లేత్ మీద చేసిన బుష్ ‘లోకల్’, అట్టపెట్టెలోది ‘ఒరిజినల్’. సాహిత్యం చదువుకున్నవాణ్ణి, మాటలు పట్టుకుని వేలాడటం నా జబ్బు. కానీ వంశం కలవలేదని, చేయి పడి మైలపడిందని అనే మాటలు మనం వేరే చోట వినలేదా? నలభై ఏళ్లు కూలీ చేసిన బండికి ఆ నలభై ఏళ్ల రిపేర్లు మచ్చలైపోయాయి.

ఇందులో పొట్ట మీద కొట్టే సంగతి కూడా ఉంది. ఒకప్పుడు పాత సామాన్ల కొట్లో తూకానికి పోయిన పిస్టన్‌ని సేకర్తలు వెతికి కొనడం మొదలయ్యాక ధర మిస్త్రీకి అందకుండా పోయింది. పాల క్యాన్లు కట్టుకునే రాజ్‌దూత్‌కి మూడో బోర్ పిస్టన్ దొరక్క, బండి ఇనప కొట్టుకు పోతుంది. అక్కడ దాన్ని విప్పి, మంచి పార్టులు మళ్లీ సేకర్తకే అమ్ముతారు.

చట్టం కూడా ఇదే గీత గీసింది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన సొంత బండి ‘వింటేజ్’. నంబరులో ‘వీఏ’ అక్షరాలు, కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు. షరతు ఏంటంటే రోజువారీ పనికీ, వ్యాపారానికీ రోడ్డెక్కించకూడదు. ఇటు మామూలు మోటార్ సైకిల్ 15 ఏళ్లు దాటితే రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ 1 నుంచి 300 నుంచి 1,000 అయింది. 2025లో 20 ఏళ్లు దాటినవాటికి 2,000 చేశారు. పొగని నేను సమర్థించడం లేదు, రోడ్డు పక్కన బతికే మన పిల్లలే దాన్ని ముందు పీలుస్తారు. కానీ పని మానేసిన బండి వారసత్వ సంపద, పని చేస్తున్న బండి తుక్కు అనే లెక్క ఎవరిది?

సేకర్తల మీద నాకు కోపం లేదు. వాళ్లు ఏ ఏడాది ఏ ట్యాంకు బ్యాడ్జీ మారిందో కూడా రాసిపెట్టారు. ఆ బళ్లని రోడ్డు మీద నిలబెట్టిన మిస్త్రీల పేర్లు మాత్రం ఎవరూ రాయలేదు. పెదనాన్న పోయాక ఆ డబ్బాలు ఎవరో తూకానికి కొనుక్కెళ్లారు. ఏ పిస్టన్ ఎవరిదో చెప్పే లెక్క ఆయన తలలోనే ఉండింది.

ఈ సెలవుల్లో ఊళ్లకి వెళ్తున్నారు కదా. మీ ఇంట్లోనో వీధిలోనో అరవై దాటిన మెకానిక్ ఉంటే పక్కన కూర్చుని ఫోన్ రికార్డర్ ఆన్ చేయండి. ఉస్తాదు పేరు, మొదటి కూలీ, సొంతంగా చేసుకున్న పనిముట్టు ఏది, ట్రయల్ ఎక్కడ వేసేవాడు, ఇవి అడగండి. డబ్బాలు ఉంటే మూత తీసి ఫొటో తీయండి. నాకు పంపితే పేర్లతో సహా ఇక్కడే పెడతాను, వాళ్లు ఒప్పుకుంటేనే. వచ్చే ఆదివారం లేత్ మిషన్ గురించి.

జై భీమ్.