చెన్నై పేరు, కోయంబత్తూరు గెలుపు

కోయంబత్తూరులో వ.ఉ.సి. పార్కు పక్కనున్న నెహ్రూ స్టేడియంలో 2019 మార్చి 9న ఐ-లీగ్ ఫుట్‌బాల్ కప్పు ఎవరిదో తేలింది. ఆఖరి మ్యాచ్‌కు ముందు ఈస్ట్ బెంగాల్ కంటే చెన్నై సిటీ ఎఫ్‌సీకి ఒక్క పాయింటే ఎక్కువ. ఆట మొదలైన కాసేపటికే మినర్వా పంజాబ్ గోల్ కొట్టింది. విరామం తర్వాత పెడ్రో మాంజీ పెనాల్టీతో స్కోరు సమం చేశాడు. ఆపైన డిఫెండర్ గౌరవ్ బోరా రెండు గోల్స్ కొట్టాడు. 3-1. అక్కడ కోళిక్కోడ్‌లో ఈస్ట్ బెంగాల్ కూడా గెలిచింది కాబట్టి ఈ గెలుపు లేకపోతే కప్పు కలకత్తాకు పోయేదే.

గొంతు పోయేలా అరిచింది కోయంబత్తూరు జనం. జట్టు పేరులో మాత్రం ఆ ఊరు లేదు. 1946లో చెన్నైలో నేతాజీ స్పోర్ట్స్ క్లబ్‌గా పుట్టిన జట్టు అది. 2019లోనే స్విట్జర్లాండ్ క్లబ్ బాసెల్ అందులో 26 శాతం వాటా తీసుకుంది. మూడేళ్లు తిరక్కుండానే, 2021-22 ఐ-లీగ్ జట్లలో చెన్నై సిటీ లేకుండా పోయింది.

ఇంట్లో తెలుగు, బయట తమిళం మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్న ఊరు కోయంబత్తూరు. లక్ష్మీ మిల్స్, పి.ఎస్.జి. విద్యాసంస్థలు, జి.డి. నాయుడు బస్సులు, అన్నీ ఆ కుటుంబాల వాళ్లు అక్కడే ఉండి నిలబెట్టినవి. యజమాని ఫలానా అని ఊరందరికీ తెలుసు. మంచైనా చెడైనా ఎదురుపడి అడగగలిగేవారు. ఫుట్‌బాల్ క్లబ్ విషయంలో అభిమానికి ఆ వీలు లేదు.

మొదట్లో ఇలా ఉండేది కాదు. 1889లో పుట్టిన మోహన్ బగాన్‌లో సభ్యులు చందా కట్టి, ఓటేసి కార్యవర్గాన్ని ఎన్నుకునేవారు. 2014లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) వచ్చాక ఊరి పేరును కంపెనీలు కొనుక్కోవడం మొదలైంది. 2020లో మోహన్ బగాన్ ముందు కంపెనీ జట్టు పేరు ఏటీకే అని చేర్చితే అభిమానులు ఊరుకోలేదు, మూడేళ్లు పోరాడారు. 2023లో ఫైనల్ గెలిచిన రాత్రే యజమాని సంజీవ్ గోయెంకా ఆ మూడక్షరాలు తీసేస్తున్నట్టు ప్రకటించారు. వందేళ్లు దాటిన సభ్యత్వం వెనక ఉంది కాబట్టే అభిమానుల మాట చెల్లింది.

మన హైదరాబాద్‌కు ఆ బలం లేకపోయింది. పుణే జట్టు స్థానంలో 2019లో వచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సీ, 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ గెలిచింది. తర్వాత ఆటగాళ్లకు జీతాలు ఆగాయి. 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయింది. స్టాండ్‌లో పసుపు జెండాలు ఊపిన కుర్రాళ్లను ఎవరూ ఒక్క మాట అడగలేదనే నా బాధ.

జర్మనీలో క్లబ్బు ఓట్లలో సగానికి మించి సభ్యుల చేతిలోనే ఉండాలన్న నియమం 1998 నుంచి ఉంది. మన దగ్గర అంత కుదరకపోయినా, జట్టు ఊరు మారాలంటే ముందు అభిమానుల సమ్మతి తీసుకోవాలని లైసెన్సు నిబంధనల్లో రాయాలి. లండన్‌లో వింబుల్డన్ జట్టును వేరే ఊరికి తరలించడానికి అనుమతి ఇచ్చినప్పుడు, 2002లో అభిమానులే ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని సొంత క్లబ్ పెట్టుకున్నారు. అట్టడుగు లీగ్‌ల నుంచి ఒక్కో మెట్టూ ఎక్కి, 2020లో తమ పాత పేట ప్లౌ లేన్‌లోనే కొత్త స్టేడియం కట్టుకున్నారు.