జాతి సమానత్వ కమిషన్‌పై ప్రభుత్వ పర్యవేక్షణ (బ్రిటన్)

1976 నాటి జాతి సంబంధాల చట్టం కింద బ్రిటన్‌లో ఏర్పడిన జాతి సమానత్వ కమిషన్‌కు చట్టపరమైన అధికారాలున్నా, పగ్గాలు చాలాకాలం హోం మంత్రి చేతిలోనే ఉండేవి. 8 నుంచి 15 మంది సభ్యులను నియమించేది మంత్రే, నిధులూ ప్రభుత్వానివే. కమిషన్ వార్షిక నివేదికను మంత్రి పార్లమెంటు ముందు ఉంచేవారు. ఉద్యోగాల్లో వివక్షను నివారించే ప్రవర్తనా నియమావళికి మంత్రి ఆమోదం తప్పనిసరి. ఫలానా అంశంపై విచారణ జరపమని ఆదేశించే అధికారమూ మంత్రికి ఉండేది.

అసలు చిక్కు ఇక్కడే. నల్లజాతి, ఆసియా ప్రజలు తీవ్రంగా నొచ్చుకున్న పోలీసు, వలస వ్యవహారాలు కూడా హోం శాఖవే. తనను పోషించే శాఖనే ప్రశ్నించవలసిన సంస్థకు ఈ ఏర్పాటు తగినంత స్వేచ్ఛ ఇవ్వలేదన్న విమర్శ న్యాయమైనదే. నల్లజాతి యువకుడు స్టీఫెన్ లారెన్స్ హత్య కేసులో పోలీసుల తీరుపై 1999లో మెక్‌ఫర్సన్ నివేదిక వచ్చాక, 2000 నాటి సవరణ పోలీసు విధులను చట్టం పరిధిలోకి తెచ్చింది. 2007 అక్టోబరులో ఈ సంస్థ బాధ్యతలు సమానత్వ, మానవ హక్కుల కమిషన్‌కు బదిలీ అయ్యాయి.