గండికోట తోపులు: కరిగినవీ కరగనివీ

కిందటి చలికాలం సెలవుల్లో పిల్లల్ని గండికోట ఖిలాకు తీసుకుపోయాను. జమ్మలమడుగు దాటి ఎర్రమల కొండల్లోకి మళ్ళితే చాలు, నేల రంగే మారిపోతుంది. లోయ అంచున నిలబడి కింద పెన్నేటిని చూసినాక జామియా మస్జిద్ వైపు నడిచాం. మస్జిద్ పక్కనే పాత ధాన్యాగారం, కాస్త దూరంలో మాధవరాయుడి గుడి గోపురం. మూడూ ఒక్క చూపులో పడతాయి.

ఒక గైడు మా ముందు ఇంకో కుటుంబానికి కోట కథ చెబుతున్నాడు. కత్తుల కోనేరు అయిపోయింది, పెమ్మసాని నాయకుల శౌర్యం అయిపోయింది. అప్పుడన్నాడు: "ఈ గుళ్ళల్లో దేవుళ్ళను యాం చేసినారో తెలుసునా సార్? నవాబు కరిగించి ఫిరంగులు పోసినాడు." చెప్పినాక నా టోపీ చూసి ఆగిపోయాడు. నేనూ ఆగిపోయాను. మా చిన్నోడు నా చెయ్యి లాగి మెల్లగా అడిగాడు: "అబ్బా, యే సచ్చీచ్ హై క్యా?"

నిజమేనా అని. వాడికి అక్కడ నేను సరైన జవాబు చెప్పలేదు. "ఇంటికి పోయినాక చెబుతా బేటా" అన్నాను. ఇది ఆ బాకీ తీర్చుకోవడమే.

ముందు మనిషి సంగతి. గైడు చెప్పిన నవాబు పేరు మీర్ జుమ్లా. అసలు పేరు ముహమ్మద్ సయీద్. ఇరాన్‌లోని అర్దిస్తాన్ నుంచి వచ్చి, వజ్రాల తిజారత్‌తో కోట్లు గడించి, గోల్కొండలో అబ్దుల్లా కుతుబ్‌షా దగ్గర వజీరు దాకా ఎదిగాడు. కర్ణాటక ముహిమ్ పేరిట సేనతో దక్షిణానికి దిగి, పెమ్మసాని చిన తిమ్మానాయుడి చేతిలోని గండికోటను పట్టుకున్నాడు. మూడు దిక్కులా కొండ, ఒక దిక్కు పెన్నేటి లోయ ఉన్న కోటను వశం చేసుకున్నవాడికి, దాన్ని నిలుపుకోవడానికి తోపులు కావాలి కదా.

తోపు చిన్న ఖర్చు కాదు. కంచు ఫిరంగిలో పదింట తొమ్మిది పాళ్ళు రాగి, మిగతాది తగరం. రాయలసీమలో అంత రాగి యాడ దొరుకుతుంది? అప్పట్లో కోరమండల్ రేవులకు డచ్చి ఓడలు జపాన్ రాగిని తెచ్చి అమ్మేవి. కొనాలంటే ఖజానా ఖాళీ. అందుకే చౌక దారి వెతికాడు.

1652 సెప్టెంబరులో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ మీర్ జుమ్లాను కలవడానికి గండికోట వచ్చాడు. ఆ తర్వాత ఆయన అచ్చు వేసిన సఫర్‌నామాలో ఈ కిస్సా ఉంది. ఫ్రాన్స్‌లోని బూర్జ్ ఊరివాడు క్లోద్ మైయే అనే గోలందాజు అప్పుడు మీర్ జుమ్లా కొలువులో ఉన్నాడు. నవాబు అతనికి ఇరవై తోపులు పోయమని హుకుం ఇచ్చాడు. పది తోపులు నలభై ఎనిమిది పౌన్ల గుండుకు, పది ఇరవై నాలుగు పౌన్ల గుండుకు. అంటే మొదటి రకం గుండు ఇరవై కిలోలు దాటుతుంది, రెండోది పదకొండు కిలోల దరిదాపు. రాగి కోసం చుట్టుపక్కల గుళ్ళ నుంచి విగ్రహాలు తెప్పించారు. అవి కరిగాయి. గండికోట గుడిలోని ఆరు విగ్రహాలు మాత్రం ఎంత కష్టపడినా కరగలేదట. పూజారులు జాదూ చేశారని మైయే మండిపడ్డాడట. ఆఖరికి ఒక తోపు పగిలింది, ఇంకొకటి సగంలో నిలిచిపోయింది. పనికొచ్చే తోపు ఒక్కటీ బయటికి రాలేదు. కొన్నాళ్ళకు అతను కొలువే వదిలేసి పోయాడు.

కాబట్టి గైడు చెప్పినదాంట్లో సగం నిజం. విగ్రహాలు తీసుకున్న మాట టావెర్నియర్ రాశాడు. ఫిరంగులు మాత్రం తయారు కాలేదు.

ఎందుకు తయారు కాలేదు? జాదూ మాట పక్కన పెట్టి లోహం సంగతి చూద్దాం. తోపు పోయడానికి కావలసింది ఒకే తీరు కంచు. గుళ్ళ విగ్రహాలు పంచలోహం. ఒక్కో స్థపతి ఒక్కో పాళ్ళలో కలిపింది. రాగితో పాటు సీసం, జింకు ఎంతెంత ఉన్నాయో ఎవరికీ తెలియదు. సీసం రాగిలో సరిగా కలవదు, పోత చల్లారేటప్పుడు విడిపోయి నిలుస్తుంది. అలాంటి గొట్టంలో బారూద్ పేలితే బలహీనమైన చోట చీలుతుంది. సాంచాలో పిసరంత తడి ఉన్నా ఆవిరి బుడగలు లోహంలో ఉండిపోతాయి. ఇక పెద్ద విగ్రహాన్ని ముక్కలు చేయకుండా కొలిమిలో దించితే, ఆ వేడికి పైన ఎర్రబడుతుంది గానీ లోపల కరగదు. ఆరు విగ్రహాలు అలాగే నిలిచాయేమో అని నా అనుమానం.

అఫ్సోస్ ఏమిటంటే ఈ హునర్ దక్కన్‌లో ఉంది. బీజాపూర్ బురుజు మీద నేటికీ ఉన్న మలిక్-ఎ-మైదాన్‌ను 1549లో అహ్మద్‌నగర్‌లో పోశారు. పోసినవాడు ముహమ్మద్ బిన్ హసన్ రూమీ, అంటే తురుష్క దేశం నుంచి వచ్చిన ఉస్తాద్. మైనం అచ్చు కట్టి, మట్టి పూసి, కరిగిన లోహం పోసి విగ్రహం తీసే మన స్థపతులకు కూడా కొలిమి గుణం బాగా తెలుసు. తక్కువ ఖర్చులో పని కావాలనుకున్న నవాబు, పని తెలిసిన చేతుల్ని అడగడానికి బదులు ఆ చేతులు చేసినవాటినే కరిగించబోయాడు.

తోపు, గుండు కొలత కలవడం అసలు కథలో సగం. గొట్టానికి గుండు వదులైతే బారూద్ జోరు పక్కనుంచి పోతుంది, బిగుసుకుంటే తోపే పగులుతుంది. చేతి బందూకుకూ ఇదే తంటా. ఒక కమ్మరి చేసిన గొట్టం ఇంకో కమ్మరిదానితో కలవదు కాబట్టి సిపాయి తన బందూకుతో పాటు సీసం గుండ్లు పోసుకునే సాంచా కూడా మోసుకునేవాడు. ఇప్పటికీ అమెరికాలో వేటగాళ్ళు దొరికే ఇత్తడి కారతూస్ మెడను వేరే గుండు కొలతకు మార్చుకుని, దాన్ని వైల్డ్‌క్యాట్ అంటారు. కొత్త సామాను కొనకుండా ఉన్నదాంతోనే సర్దుకునే ఆలోచన అది. మన దేశంలో కూడా ఒకసారి ఇలాంటిదే జరిగింది. తిరుగుబాట్ల భయంతో ఆంగ్ల సర్కారు 1907లో పాయింట్ 450 కొలత తూటాలు హిందుస్తాన్‌లోకి రాకుండా ఆపింది. లండన్ తుపాకుల వాళ్ళు వెంటనే పాయింట్ 470 లాంటి కొత్త కొలతలు తయారు చేసి ఇక్కడి వేటగాళ్ళకు అమ్ముకున్నారు.

మాటలు చూడండి, తారీఖ్ మొత్తం వాటిలోనే ఉంది. తుపాకి తుర్కీ నుంచి వచ్చింది. ఫిరంగి అంటే ఫరంగీల సామాను. కారతూస్ పోర్చుగీసు వాళ్ళ మాట. ఆయుధం ఎవరిదైతే పేరూ వాళ్ళదే. మోసినవాళ్ళం, చచ్చినవాళ్ళం మాత్రం మనమే. 1857లో ఎన్‌ఫీల్డ్ కారతూస్ కాగితానికి ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారన్న మాట పుట్టినప్పుడు హిందూ సిపాయీ ముసల్మాన్ సిపాయీ దాన్ని నోటితో కొరకం అని కలిసి నిలబడ్డారు. ఇద్దరి అఖీదా మీద ఒకేసారి దెబ్బ పడింది కాబట్టి ఇద్దరికీ ఒకేసారి నొప్పి తెలిసింది. గండికోటలో విగ్రహాలు కొలిమికి పోయిన రోజు ఆ నొప్పి ఒక్కరికే తెలిసింది.

ఇది నేను మా చిన్నోడికి చెప్పాల్సిన మాట. మీర్ జుమ్లా మనవాడు కాబట్టి ఆ పని దాచిపెట్టాలా? అక్కర్లేదు. అసలు ఆయన ఎవరివాడు? తనను పెంచిన కుతుబ్‌షా ముసల్మానే. ఆయనతో చెడి, ఔరంగజేబు పక్షం చేరాడు. 1656 జనవరిలో మొగల్ ఫౌజు హైదరాబాదును దోచింది. దోచినవాళ్ళూ ముసల్మానులే, దోపిడీలో ఇళ్ళు పోగొట్టుకున్నవాళ్ళలోనూ ముసల్మానులున్నారు. ఆయన మజహబ్ కంటే ఆయన తిజారత్ పెద్దది. రాగి ఎక్కడ చౌకగా దొరికితే అక్కడికి చెయ్యి చాపాడు. అయినా అది జుల్మే. రాజకీయమనీ ఖర్చనీ కారణాలు చెప్పినంత మాత్రాన జుల్మ్ ఇన్సాఫ్ అయిపోదు.

అదే సమయంలో, మూడున్నర వందల ఏళ్ళ కిందటి ఒక వజీరు లెక్కను నా టోపీ మీద రాయడమూ ఇన్సాఫ్ కాదు. ఆ వజీరు దోచిన సీమలో పుట్టినవాళ్ళం మేము. ఆ కరువు మాదీ, ఈ పెన్నేరూ మాదే.

తిరిగి వచ్చేటప్పుడు గైడు దగ్గర ఆగాను. "అన్నా, ఆ ఫిరంగులు తయారు కాలేదు. ఆ సంగతి కూడా చెప్పు" అన్నాను. "అట్లనా సార్? ఎవరు రాసినారు?" అని అడిగాడు. టావెర్నియర్ పేరు చెప్పాను. ఫోనులో రాసుకున్నాడు. "అయితే గుళ్ళో ఆరు దేవుళ్ళు కరగలేదని కూడా ఆయనే రాసినాడా?" అన్నాడు, మొహం వెలిగిపోతూ. రాశాడన్నాను. ఇంకో కుటుంబం వస్తే ఈసారి మొత్తం చెబుతానన్నాడు.

కారెక్కినాక చిన్నోడు మళ్ళీ అడిగాడు. "హౌ బేటా, ఆధా సచ్ హై" అన్నాను. మిగతా సగం దారి పొడవునా చెబుతూనే ఉన్నాను. ప్రొద్దుటూరు వచ్చేదాకా వాడు నిద్రపోలేదు.