దొర పులిగా మారిన కాలం

జారుల నాటి రష్యాలో పత్రికలు ఇంగ్లండు గురించి పేజీలకు పేజీలు రాసేవి. సెన్సారు బాధ భరించలేని రష్యన్ రచయిత హెర్జెన్ 1857 నుంచి తన 'కోలకోల్' పత్రికను లండన్‌లోనే అచ్చువేసి రష్యాకు పంపాడు. రష్యన్లకు ఇంగ్లండు పరాయి దేశం. మనకు మాత్రం నెత్తిన కూర్చున్న ప్రభుత్వం. అందుకే తెలుగు పత్రికల్లో తెల్లదొర బొమ్మ వేరుగా రూపుకట్టింది.

మొదట ఆ బొమ్మలో ఆశ్చర్యం ఎక్కువ. 1870లలో ఇంగ్లండు వెళ్లొచ్చిన పోతం జానకమ్మ తాను కళ్లారా చూసిన సంగతులు కొక్కొండ వెంకటరత్నం పంతులు నడిపిన 'ఆంధ్రభాషా సంజీవని'లో తెలుగులో రాసింది. 1876లో అవే ఇంగ్లీషు పుస్తకంగా వచ్చాయి. మన ఆడపడుచు ఒకరు ఆ రోజుల్లోనే సముద్రం దాటి, పాలకుల దేశాన్ని పరిశీలించి రాసిందంటే నాకు ఎంతో గర్వంగా ఉంటుంది. ఆమె పేరు మన బడిపిల్లలకు తెలియకపోవడం అన్యాయం. 1874లో మొదలైన వీరేశలింగం 'వివేకవర్ధని' లంచగొండి ఉద్యోగులను, వకీళ్లను చీల్చి చెండాడింది కానీ దొరల పాలన జోలికి పెద్దగా పోలేదు. తప్పు కింది నౌకరుది, పైవాడు ధర్మాత్ముడు అన్న నమ్మకం అప్పట్లో బలంగా ఉండేది.

వందేమాతరం ఉద్యమం ఆ నమ్మకాన్ని కూల్చింది. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ విశాఖ, రాజమండ్రి, బందరు ఊళ్లలో ఉపన్యాసాలిచ్చాడు. 'కృష్ణాపత్రిక' సంపాదకుడు ముట్నూరి కృష్ణారావు ఆయన వెంట తిరిగాడు. మరుసటి ఏడాది తిరునెల్వేలి పోలీసు కాల్పుల మీద బెజవాడ 'స్వరాజ్య' మండిపడి, పరాయి పాలనను క్రూరమైన పులితో పోల్చింది. సంపాదకుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావుకు కింది కోర్టు ఆరు నెలలు వేస్తే, హైకోర్టు దాన్ని మూడేళ్లు చేసింది. ఆ ఒక్క మాటకు అంత శిక్ష! దొరను ధర్మప్రభువుగా చూపే రాతలకు ఆనాటితో కాలం చెల్లిందని నా అభిప్రాయం.

1914 ఏప్రిల్‌లో మద్రాసు నుంచి దినపత్రిక అయిన 'ఆంధ్రపత్రిక'కు నాలుగు నెలల్లోనే యూరపు యుద్ధం వచ్చిపడింది. దాంతో లండన్ మాట తెలుగువాడికి రోజువారీ వార్త అయింది.

ఇక మన మన్యం ఆ దొరల మీదే తిరగబడింది. 1922 ఆగస్టు 23న అల్లూరి సీతారామరాజు దళం కృష్ణదేవిపేట పోలీసు స్టేషను మీద పడింది. ఆ ఊరు నేడు మన అనకాపల్లి జిల్లాలోనే ఉంది, అల్లూరి సమాధీ అక్కడే. రాజమండ్రిలో మద్దూరి అన్నపూర్ణయ్య 'కాంగ్రెస్' పత్రిక ఆయన పక్షాన నిలిచింది.

వేటపాలెం సారస్వత నికేతనం లాంటి గ్రంథాలయాలు ఇలాంటి పాత సంచికలను ఇంకా కాపాడుతున్నాయి. అనకాపల్లి పాత మండువా ఇళ్ల అటకల మీద కూడా ఏ ట్రంకు పెట్టెలోనో కొన్ని ఉండే ఉంటాయి. దయచేసి వాటిని తూకానికి అమ్మకండి, గ్రంథాలయానికి ఇవ్వండి.